మడత పడని చొక్కా

ఇరవై రెండేళ్ళుగా నాలో ఒక అనుమానం ఉంది. మనం అడిగింది దేవుడు ఇచ్చినప్పుడు, తన దగ్గరున్న దాంట్లోంచి తీసి ఇస్తాడా, లేక పక్కవాడి చేతిలోంచి తీసి ఇస్తాడా అని.

ఇలాంటివి తేల్చడానికి నేనేమీ పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. ఎనిమిదో తరగతితో ఆపేశాను. మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం. ముందు గదిలో పొడుగాటి బల్ల, రెండు ఇస్త్రీ పెట్టెలు, గోడకి దేవుడి పటం. వెనక గదిలో నీళ్ళ తొట్లు, తీగలు, ఆ తీగల కిందే మా కాపురం. పొద్దున్నే దణ్ణం పెట్టుకోకుండా నేను ఇస్త్రీ పెట్టె ముట్టను. ఆయన మీద నమ్మకానికేం లోటు లేదు. అసలు నమ్మకం లేనివాడికి ఈ బాధే ఉండదనుకుంటాను.

మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. నన్ను పెంచింది మా అక్క. నాకంటే పదకొండేళ్ళు పెద్దది. పెళ్ళయి కొండలకి అవతల ఊరికి వెళ్ళింది. ఆ తర్వాత మాటా మాటా పెరిగి నాలుగేళ్ళపాటు నేను ఆ గుమ్మం తొక్కలేదు. గొడవ దేనికో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా నాన్న వాడిన పాత ఇస్త్రీ పెట్టె ఎవరి దగ్గర ఉండాలని. అది విరిగిపోయి దేనికీ పనికిరాకుండా పడుందన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

ఒక వానాకాలం పొద్దున ఎదురు మందుల షాపుకి మా బావ ఫోన్ చేశాడు. "మీ అక్క ఆసుపత్రిలో ఉంది. ఇవాళో రేపో అంటున్నారు. నువ్వొచ్చావా అని గంటకోసారి అడుగుతోంది. ఇంకా బిగుసుకుని కూర్చుంటావో, వస్తావో నీ ఇష్టం," అని పెట్టేశాడు.

ఉన్నపళంగా బయల్దేరాను. మా ఊరి మీదుగా కొండలు దాటే బస్సు ఏడింటికి వస్తుంది. వచ్చేసరికే నిండిపోయి ఉంది. నిలబడే చోటు దొరికిందే చాలనుకున్నాను. వారం నుంచి వదలకుండా వాన. కిటికీలన్నీ మూసి ఉంటే లోపల తడిసిన గొడుగుల వాసన.

కొండ మొదట్లో ఒక గేటు ఉంది. అక్కడ ఎర్రజెండా పట్టుకున్న రోడ్డు పనివాళ్ళు బస్సు ఆపారు. ముందురోజు రెండుచోట్ల మట్టి జారిందట. సగం రోడ్డు మాత్రమే ఖాళీ చేశారు. బరువు తగ్గించుకుంటేనే వదుల్తాం, కూర్చున్నవాళ్ళని మాత్రమే తీసుకెళ్ళు అని డ్రైవరుకి చెప్పారు.

కండక్టరు మా వైపు తిరిగాడు. "నిలబడ్డవాళ్ళంతా దిగండి. మీ మంచికే చెప్తున్నాను."

"టికెట్టు కొట్టినప్పుడు ఈ మంచి గుర్తు రాలేదేం," అని గొణుక్కుంటూ ఒకాయన దిగాడు. మేం నిలబడ్డది తొమ్మిదిమందిమి. ఎనిమిదిమంది దిగిపోయారు. నేను పైన కడ్డీ వదల్లేదు.

"అయ్యా, మీకే చెప్పేది."

"మా అక్క చావుబతుకుల్లో ఉందయ్యా. ఇవాళ చేరకపోతే ఇంక చూడలేను. సీటు వద్దు, ఇక్కడే కింద కూర్చుంటాను."

"కింద కూర్చుంటే బరువు తగ్గుతుందా బాబాయ్?" అన్నాడు. వెటకారంగా అనలేదు పాపం, నిజంగానే అడిగాడు. వెనక ఎవరో నవ్వారు.

కూర్చున్నవాళ్ళవంక చూశాను. ఒకామె చేతిసంచీ తెరిచి అందులో ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఒకాయన అద్దానికి పట్టిన ఆవిరి తుడిచి బయటికి చూడసాగాడు. వాళ్ళని తప్పుపట్టను. నేనే సీట్లో ఉంటే నేనూ ఏ సంచీయో తెరిచేవాణ్ణి. కళ్ళు మూసుకుని, "స్వామీ, ఒక్క చోటు ఇప్పించు. ఇంకేమీ అడగను," అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నాయన లేచి నిలబడి ఉన్నాడు. ముప్పయ్యయిదేళ్ళుంటాయి. సన్నగా, కళ్ళజోడుతో ఉన్నాడు.

"ఈయన్ని కూర్చోనివ్వండి. నాకేం తొందర లేదు. నేను రేపు వెళ్తాను," అన్నాడు కండక్టరుతో.

"రేపు బస్సు ఉంటుందో లేదో నేను చెప్పలేను సార్."

"పర్లేదు."

సీటు కింద ఉన్న చిన్న రేకు పెట్టె తీసుకోవడానికి ఆయన వంగాడు. అప్పుడు చూశాను ఆయన చొక్కా.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. మామూలుగా చొక్కా ఇస్త్రీ చేశాక మడతపెట్టి ఇస్తాం. వేసుకున్నాక ఛాతీ మీద, పొట్ట మీద అడ్డంగా మడత గీతలు కనిపిస్తాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు. కానీ పెళ్ళికో, పెద్ద ఉద్యోగానికో వెళ్ళేవాడు ముందురోజే వచ్చి, మడత పెట్టకండి, తగిలించి ఉంచండి అని చెప్పి, పొద్దున్నే వచ్చి హ్యాంగరుతోనే పట్టుకుపోతాడు. ఆయన చొక్కా అలాంటిది. తెల్లటి చొక్కా, ముంజేతి పట్టీలకి రెండుసార్లు గంజి పెట్టారు. ఒక్క అడ్డగీత లేదు. అంతకంటే, వీపు మీద ఒక్క చోటా నలగలేదు. గంటలకొద్దీ బస్సులో కూర్చున్న మనిషి వీపు అలా ఉండదు. అంటే ఆయన అంతసేపూ వెనక్కి ఆనకుండా, నిటారుగా కూర్చుని వచ్చాడన్నమాట. తొందర లేనివాడు అలా కూర్చోడు.

వంగినప్పుడు కాలరు వెనక్కి తిరిగి లోపలి గుర్తు కూడా కనిపించింది. ఎవరి బట్టలు ఎవరివో కలిసిపోకుండా మేం ఇంటికొక గుర్తు పెట్టుకుంటాం. నేను సిరాతో పెడతాను. అది దారంతో కుట్టిన గుర్తు. ఎర్రదారంతో రెండు వాలు కుట్లు, పక్కన నీలం ముడి.

ఇదంతా చూడ్డానికి నాకు రెప్పపాటు చాలు. ముప్పయ్యేళ్ళు అదే పని చేసిన కన్ను. ఈ మనిషి అబద్ధం చెప్తున్నాడు, ఈయనకి ఇవాళే పనుంది, నాకంటే పెద్ద పనేమో కూడా అని అర్థమైంది. మీరే వెళ్ళండి అనడానికి నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. కనీసం మీదే ఊరండీ అని కూడా అడగలేదు. ఆయన నా పక్కనుంచి దిగిపోయాడు. నేను ఆయన సీట్లో కూర్చున్నాను.

బస్సు కదిలాక వెనక్కి చూశాను. దిగినవాళ్ళంతా గేటు పక్కనున్న రేకుల షెడ్డు కిందికి చేరారు. ఆయన మాత్రం షెడ్డుకి రెండడుగుల ఇవతల, వానలో, పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను సమయానికి చేరాను. మా అక్క మర్నాడు తెల్లవారకముందే పోయింది. నేను చేరాక, ఆవిడ పోయేలోపు ఆసుపత్రిలో ఏం జరిగిందో నేనెవరికీ చెప్పలేదు, నా భార్యకి కూడా. మా బస్సు దాటిన సాయంత్రమే కొండ పెద్దపెట్టున విరిగిపడింది. రోడ్డు పదకొండు రోజులు మూసేశారు. ఆయన చెప్పిన రేపు పదకొండు రోజుల దాకా రానేలేదు.

తర్వాత నా బతుకు మామూలుగానే నడిచింది. కానీ తెల్లచొక్కా బల్ల మీదికి వచ్చినప్పుడల్లా ఆయన గుర్తొచ్చేవాడు. బస్సులో జరిగింది మాత్రం చెప్పాను కాబట్టి నా భార్య ఆయనకి 'మీ చొక్కాయన' అని పేరు పెట్టింది.

"మీ చొక్కాయన పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తున్నాడేమో. అలా అనుకుంటే మీ సొమ్మేం పోయింది?" అనేది.

"తిరిగొచ్చేవాడి చొక్కా మోచేతుల దగ్గరే చెప్పేస్తుందే."

"అన్నీ చెప్పే చొక్కా, ఎక్కడికి పోతోందో కూడా చెప్పకపోయిందా? అన్నం చల్లారిపోతోంది, రండి."

ఆదివారాలు మా వీధిలో దేవుడి మాటలు చెప్పే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన్ని అడిగాను. "దేవుడు ఏ రూపంలోనైనా వస్తాడు నాయనా. ఆ రోజు లేచి నిలబడింది ఆయనే," అన్నారు.

"దేవుడైతే కాలరు లోపల చాకిరేవు గుర్తు ఎందుకుంటుందండీ?" అన్నాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. పెద్దాయన చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, వేరే మాటలోకి వెళ్ళిపోయారు. అందరూ నన్ను ఓదారుస్తున్నారు కానీ, నేను అడిగిందానికి జవాబు ఎవరూ చెప్పడం లేదు. నేను తీసుకున్న చోటుకి ఆయన ఏం పోగొట్టుకున్నాడు? అదొక్కటే నాకు కావాలి.

వెతకడానికి నాకున్న ఆధారం ఆ గుర్తు ఒక్కటే. గంజిపొడి, సోడా అమ్మడానికి ఊరూరూ తిరిగే ఏజెంటు ఒకాయన మా దుకాణానికి నెలకోసారి వస్తాడు. నన్ను 'బావగారూ' అంటాడు, నా భార్యని 'అక్కా' అంటాడు, ఆ వరసతో మా ఇంట్లో కాఫీ తాగుతాడు. దారంతో గుర్తు కుట్టే దుకాణం ఎక్కడైనా కనబడితే చెప్పమని ఆయనకి అప్పజెప్పాను. వచ్చినప్పుడల్లా, "దొరకలేదు బావగారూ, ఈ రోజుల్లో దారమెక్కించే ఓపిక ఎవరికుంది," అనేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. చివరికి ఈ మధ్యనే ఒకరోజు సంచీ దింపకుండానే చెప్పాడు.

"దొరికిందండీ. ఇన్నాళ్ళూ నేను సరుకు వెయ్యని వీధిలో ఉంది. ఒక ముసలావిడ, ఆవిడే ఉతుకుతుంది, ఆవిడే కుడుతుంది. బయటి సరుకు కొనదు, గంజి తనే కాచుకుంటుంది. అందుకే నేనెప్పుడూ గడప తొక్కలేదు. రెండు ఎర్ర కుట్లు, నీలం ముడి అనగానే చూడకుండా చెప్పింది. టైపు మాస్టారట. ఆ వీధి చివరే ఉంటాడట."

ఆ ఊరు మాకు రెండు గంటల దూరం. అన్నేళ్ళూ ఆయన రెండు గంటల దూరంలోనే ఉన్నాడు.

నేను బయల్దేరుతుంటే నా భార్య ఒక పొట్లం చేతిలో పెట్టింది. "ఖాళీ చేతులతో వెళ్తారా? కొత్త చొక్కా తీసుకున్నాను. అంత పెద్ద మనసున్న మనిషి కదా, పెద్ద సైజే తీసుకున్నాను," అంది. ఇస్త్రీ నేనే చేశాను. మడత పెట్టక తప్పలేదు.

టైపు మాస్టారుండే మేడ మెట్లు ఇరుగ్గా ఉన్నాయి. పైన బోర్డు మీద సగం అక్షరాలు వెలిసిపోయాయి. తలుపు తీసే ఉంది. లోపల పొడుగాటి గది. రెండు వరసల్లో పన్నెండు టైపు మిషన్లు, అన్నిటికీ నల్ల ముసుగులు. ముసుగుల మీద దుమ్ము. గది చివర ఒక మంచం, కిరసనాయిలు పొయ్యి, కిటికీ. కిటికీ దగ్గర కుర్చీలో ఒకాయన ముసుగు తీసిన మిషను ముందు కూర్చుని, దాని అచ్చుల్ని పాత పళ్ళ బ్రష్షుతో తోముతున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. మీద పాత స్వెట్టరు. కళ్ళజోడు చూసి పోల్చుకున్నాను.

"రండి, రండి. టైపు నేర్చుకోవడానికైతే మాత్రం ఇరవయ్యేళ్ళు ఆలస్యంగా వచ్చారు," అన్నాడు.

"ఇరవై రెండండీ," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఆయనకి అర్థం కాలేదు. నిలబడే చెప్పాను. వానాకాలం, కొండ కింద గేటు, ఎర్రజెండా, కండక్టరు. నేను చెబుతూ గేటు దగ్గరికి వచ్చేసరికే ఆయన బ్రష్షు కింద పెట్టేశాడు. కండక్టరు మాట చెప్పేసరికి చెయ్యెత్తి ఆపమన్నాడు.

"కింద కూర్చుంటే బరువు తగ్గుతుందా అన్నాడు. మీరేనా?"

"నేనేనండీ."

"కూర్చోండి," అన్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ నోరు మూతబడుతుందని భయం.

"మాస్టారూ, ఒకటి చెప్పడానికి వచ్చాను. నేను ఇస్త్రీ పని చేస్తాను. ఆ రోజు మీ చొక్కా చూశాను. మీకు తొందర లేదన్నది అబద్ధమని నాకు అప్పుడే తెలిసింది. తెలిసే కూర్చున్నాను. మీరెక్కడికి వెళ్తున్నారు?"

కింద వీధిలో ఎవరో సామాన్ల బండి తోసుకుపోతున్నారు. ఆ చప్పుడు మొత్తం దాటిపోయేదాకా ఆయన ఆగాడు.

"పెళ్ళికి," అన్నాడు. "నాదే. రిజిస్ట్రారు ఆఫీసులో, మధ్యాహ్నం పన్నెండింటికి. ఆవిడ ఇక్కడే నేర్చుకుంది, ఆ రెండో మిషను మీద. కొండల అవతల ఉద్యోగం వచ్చి వెళ్ళింది. రెండువైపులా పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. ఇద్దరమే అనుకుని, తారీకు పెట్టుకున్నాం."

నేను అప్పుడు కూర్చున్నాను.

"ఆఫీసు వరండాలో నాలుగింటిదాకా కూర్చుందట. టెలిఫోను తీగలు తెగిపోయాయి. పదకొండో రోజు రోడ్డు తెరవగానే వెళ్ళాను. అప్పటికే బదిలీ చేయించుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికో అద్దెకున్న ఇంటావిడకి కూడా చెప్పలేదు. నా ఉత్తరాలన్నీ కట్టగట్టి ఇంటావిడ దగ్గర వదిలేసింది."

"నా వల్లే కదండీ."

"ఆగండి. మీరు చెప్పుకున్నారు కదా, నన్నూ చెప్పుకోనివ్వండి." కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడిచాడు. "ఆ బస్సెక్కినప్పటి నుంచీ నాకు గుండెదడ. ఈ బస్సు ఆగిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఎవరూ లేని పెళ్ళి, అద్దె గది, ఇంట్లో ఏడుపులు... ఇవన్నీ. గేటు దగ్గర బస్సు ఆపితే నా ప్రాణం కుదుటపడింది. అప్పుడు మీరు మీ అక్కయ్య అన్నారు. ఒక్క రోజే కదా అనుకున్నాను. మంచి పనీ చేసినట్టుంటుంది, ఒక రోజు ఊపిరీ పీల్చుకోవచ్చు. అందుకే లేచాను. కొండ విరిగిపడుతుందని నాకేం తెలుసు? కావాలనే వానలో నిలబడ్డాను. చొక్కా తడిస్తే ఇంక వెళ్ళడానికి లేదు కదా, మనసు మార్చుకోకుండా ఉంటానని."

ఇది నిజమో, లేక ఇది కూడా ఆ రోజు 'తొందర లేదు' అన్నట్టు నా మీద జాలితో చెప్తున్నదో తెలియలేదు. చొక్కాల మీద అబద్ధం నేను పట్టుకోగలను. స్వెట్టరు మీద నాకేం తెలుస్తుంది?

పొట్లం ఆయన ముందు పెట్టాను. విప్పి, చొక్కా భుజాలు పట్టుకుని ఎత్తి చూశాడు.

"ఇందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారండీ," అన్నాడు.

"మా ఆవిడ మీ మనసు కొలతకి తీసుకుంది."

ఆయన కొంచెం నవ్వాడు. చొక్కా మడిచి, పక్క మిషను ముసుగు మీద పెట్టాడు. మళ్ళీ దానివంక చూడలేదు. నేను తెచ్చింది ఆయనకి అక్కర్లేదని అర్థమైంది.

"మాస్టారూ, నేనేం చెయ్యాలో చెప్పండి. ఏదైనా సరే," అన్నాను.

"చెయ్యడానికేముంది? ఒకటి మాత్రం చెప్పండి. మీ అక్కయ్యగారిని చూశారా? అంటే, ఆవిడ ఉండగా?"

"చూశానండీ."

"మాట్లాడారా?"

"మాట్లాడింది."

ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. "నాకెవరు చెప్తారండీ? మీరెవరో తెలియదు. నేను పెళ్ళాడాల్సినావిడ వెళ్ళిపోయిందని తెలిసిన రోజు కూడా మొదట వచ్చిన ఆలోచన అదే. ఆ ఇస్త్రీ ఆయన..." ఆగి, "మీరు ఇస్త్రీ ఆయనని అప్పుడు తెలియదనుకోండి. ఆ బక్కపల్చటి ఆయన చేరాడా, లేదా అని. చేరకపోయి ఉంటే ఇదంతా దేనికి? ఏం మాట్లాడుకున్నారు మీరిద్దరూ?"

నేను తలొంచుకున్నాను.

ఆయన దేనికోసం ఎదురుచూస్తున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. ఒక పెళ్ళి పోయింది. దానికి బదులుగా అవతలివైపు ఏదో పెద్దది జరిగి ఉండాలి. అక్కా తమ్ముడూ చేతులు పట్టుకుని ఏడ్చి, క్షమించుకుని, దేవుణ్ణి తలుచుకుని ఉండాలి. అలా జరిగిందని చెప్పడం నాకు కష్టం కాదు. నాలుగు మాటలు కలిపితే చాలు. ఆయన ఈ గదిలో, ఈ ముసుగుల మధ్య, మిగిలిన రోజులు కాస్త తేలిగ్గా గడుపుతాడు. ఆయన నాకోసం ఒక అబద్ధం చెప్పాడు కదా, నేను ఆయనకోసం ఒకటి చెప్తే దేవుడు కోప్పడతాడా?

కోప్పడడేమో. కానీ ఆయన అడిగింది నేనెక్కిన బస్సు ఎక్కడికి చేరిందని. ఇరవై రెండేళ్ళుగా ఆయనకి నేను బాకీ ఉన్నది ఈ కబురేనని అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. బాకీ తీర్చేటప్పుడు దొంగసరుకు ఇవ్వకూడదు.

"పెద్దగా ఏం మాట్లాడుకోలేదండీ," అన్నాను. "పదకొండున్నరకి చేరాను. నన్ను చూడగానే, జుట్టు కత్తిరించుకోవడానికి కూడా తీరిక లేదురా నీకు అంది. మా నాలుగేళ్ళ గొడవ గురించి ఒక్క మాటా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు, ఇప్పుడు అనుకుంటూ ఉన్నాను."

"ఊఁ."

"గోళ్ళు పెరిగాయిరా, దుప్పటికి తగులుకుంటున్నాయి, తియ్యి అంది. పక్క మంచం ఆవిడనడిగి చిన్న కత్తెర తెచ్చాను. ఎడమ చేతి బొటనవేలి నుంచి మొదలుపెట్టాను. చిన్నప్పుడు నీ గోళ్ళు తీస్తుంటే కరిచేవాడివిరా అంది. మా తొట్టి దగ్గర కుళాయి ఇంకా కారుతోందా అని అడిగింది. కారుతోంది అన్నాను. నువ్వు దాన్ని బాగుచేయించవు అంది. పదీ తీశాక చెప్దామనుకున్నాను, అక్కా నాదే తప్పని. ఏడో వేలు దగ్గర నిద్రపోయింది."

ఆయన కిటికీవైపు తిరిగాడు.

"మళ్ళీ లేవలేదండీ. మర్నాడు తెల్లవారుజామున పోయింది. నేను చెప్పాల్సింది చెప్పలేదు. అంతేనండీ జరిగింది. మీరు లేచి ఇచ్చిన చోటుకి..."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ముఖం నాకు కనబడలేదు. చెప్పకపోయినా బాగుండేదేమో, కలిపి చెప్పినా బాగుండేదేమో అని అనుకుంటూనే ఉన్నాను.

"మిగిలిన మూడు?" అన్నాడు ఇటు తిరక్కుండానే.

"నిద్రలోనే తీశానండీ. మెల్లిగా. మెలకువ రాకుండా."

"అయితే పదీ అయ్యాయి."

"అయ్యాయండీ."

ఆయన తలూపాడు. చాలాసేపు అలా తలూపుతూనే ఉన్నాడు. తర్వాత చేత్తో కళ్ళు తుడుచుకుని, కుర్చీ నావైపు తిప్పుకున్నాడు.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు. "ఈసారి తొందర పడకండి. బస్సు దిగిన దగ్గర్నుంచి."

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, బస్సు దిగిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.